ఉప్పు జెట్టీ ఏడో జత

నూట ఇరవై కాళ్ల జెట్టీని ఒక ముసలాయన ముప్ఫై రెండు పళ్లతో కరిచిపట్టి, కూలకుండా ఆపాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఆ పళ్లు నేను దగ్గరుండి లెక్కపెట్టాను. పైన పదహారు, కింద పదహారు. ఒక్కటి కూడా కదల్లేదు.

ఆయన్ని రేవంతా ఉక్కుపళ్లాయన అనేది. వయసు ఎనభై నాలుగు. అయితే ఇది ఆయన కథ కాదు, ఆయన కోడలి కథ. ఇందులో పళ్లు మావగారివి, పని కోడలిది, పేరు మాత్రం ఇద్దరూ పంచుకున్నారు. పంపకంలో గొడవలొచ్చాయా అంటే, రోజూ వచ్చేవి.

కోడల్ని అందరూ మేస్త్రమ్మ అంటారు. ఉప్పు జెట్టీకి వడ్రంగి ఆవిడే, కాపలా ఆవిడే, డాక్టరూ ఆవిడే. కొడుకు ఉలి పడతాడని ఉక్కుపళ్లాయన ఆశపడితే, ఆ కొడుకు పడవెక్కి లాంచీ సరంగయ్యాడు. రోజంతా చుక్కాని పట్టుకుని ఈ ఒడ్డు జనాన్ని ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు జనాన్ని ఈ ఒడ్డుకీ దాటిస్తాడు. చేసేది లేక ఆయన ఉలిని కోడలి చేతిలో పెట్టాడు.

"గరిటె పట్టుకున్నట్టు పట్టుకోకమ్మాయ్" అన్నాడు మొదటి రోజే.

"గరిటె ఎలా పట్టుకుంటారో మీకేం తెలుసు మావయ్యా, ఎప్పుడన్నా పట్టుకుంటే కదా" అందావిడ.

అప్పటి నుంచి ముప్ఫై రెండేళ్లు ఇద్దరూ ఒకే బల్ల మీద పనిచేశారు. ఒక్క రోజు కూడా ఒక మాట మీద నిలబడలేదు.

ఆ రేవు పట్నానికి ఒకప్పుడు ఐదు జెట్టీలుండేవి. బొగ్గు జెట్టీ అంటుకుని మూడు రోజులు మండింది. ఆ మూడు రోజులూ ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదని, గిన్నెలు పట్టుకెళ్లి అక్కడే వండుకున్నారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. కలప జెట్టీ తుపానుకు ఊడి కొట్టుకుపోయి, నాలుగో రోజుకు ఎదుటి ఒడ్డున నిటారుగా నిలబడిందట. అడగడానికి వెళ్తే, మా తాతల నాటి నుంచీ ఇక్కడే ఉందన్నారట అక్కడివాళ్లు. పశువుల జెట్టీ మీద మట్టి పోసి రోడ్డేశారు. రాతి జెట్టీ రాళ్లు ఒక్కొక్కటిగా మాయమై, పెద్దపెద్ద ఇళ్ల ప్రహరీ గోడల్లో తేలాయి. మిగిలింది ఉప్పు జెట్టీ ఒక్కటే.

మిగలడానికి కారణం ఉంది. ఎనభై ఏళ్లపాటు దాని మీద ఉప్పు బస్తాలు దిగాయి, ఎక్కాయి. బస్తాల్లోంచి కారిన ఉప్పంతా చెక్కలోకి ఇంకి, చెక్క రాయిలా తయారైంది. చెక్కను తొలిచే నీటిపురుగు కూడా ఆ గుంజల దగ్గరికొచ్చి, వాసన చూసి, పళ్ల మీద ప్రేమ కొద్దీ వెనక్కి పోయేది.

జెట్టీ చివర, నీళ్ల మీదే, మేస్త్రమ్మ రేకుల షెడ్డు. లోపల ఒక గోడకు ఉలులు సన్నదాని నుంచి వెడల్పుదాని దాకా వరసగా వేలాడేవి. కింద నూనె గుడ్డ చుట్టిన రంపాలు, తారు డబ్బా, కాలు విరిగితే మేస్త్రమ్మే అతికించిన ముక్కాలి పీట. తలుపు పక్కన మేకుకు జెట్టీ పుస్తకం. మైనం రాసిన గుడ్డ అట్ట, లోపల నలుగురు వడ్రంగుల చేతిరాత. ఏ గుంజ ఎప్పుడు దిగింది, ఎప్పుడు జబ్బుపడింది, ఎప్పుడు మారింది, అన్నీ అందులోనే. జెట్టీకి జాతకం లాంటిది.

ఒక మంగళవారం పొద్దున ఆవిడ వచ్చేసరికి షెడ్డు తలుపుకు నోటీసు అంటించి ఉంది. ఉక్కుపళ్లాయన అప్పటికే దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు లేకుండా దాన్ని కోపంగా చూస్తున్నాడు.

"ఏం రాశారు?" అన్నాడు.

ఆయనకు ఎడం చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి ఆయనకు ఇష్టమైనప్పుడు పనిచేసేది. మేస్త్రమ్మ కుడి చెవి దగ్గర వంగి, గట్టిగా చదివింది. ఉప్పు జెట్టీ గుంజలను నగర ఇంజనీరు పరీక్షించారు. తొలిచి చూసిన ఎనిమిది జతలూ లోపల పుచ్చిపోయాయి. కాబట్టి నెల రోజుల్లో జెట్టీని తీసేసి సిమెంటు గోడ కడతారు. అంతవరకూ ఆవిడ గడగడా చదివేసింది. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి.

"ఏడో జతను తొమ్మిదేళ్ల కిందట మార్చినట్టు జెట్టీ పుస్తకంలో రాసినది అసత్యం. అక్కడ ఉన్నది పుచ్చిన పాత గుంజలే."

లాంచీ ఒకటి వచ్చి తగిలింది. జెట్టీ ఒకసారి ఒళ్లు విరుచుకుని సర్దుకుంది.

"ఏడో జత నువ్వు దింపిందే కదూ?" అన్నాడు ఆయన.

"నేను దింపిందే."

"వంకర మేకు."

"అవును మావయ్యా, వంకర మేకే."

"ఆ సందులోంచే నీళ్లు దిగుంటాయి."

వంకర మేకు సంగతి ఏమిటంటే, కొత్త గుంజ దింపిన వడ్రంగి దాని మీద, ఆటు బాగా దిగితేనే కనబడేంత కిందగా, ఒక రాగి బిళ్ల కొట్టాలి. తన పని అని గుర్తు. ఉక్కుపళ్లాయన బిళ్లకు నాలుగు మేకులు. ఏడో జత మేస్త్రమ్మ ఒంటరిగా దింపిన మొదటి జత. ఆ రోజు ఆయన పైనుంచి తొంగిచూస్తూ ఉండటంతో చెయ్యి వణికి, నాలుగో మేకు వంగిపోయింది. పీకితే బిళ్ల చిరుగుతుందని దాన్ని అలాగే వదిలి, పక్కన అయిదోది కొట్టింది. ఆ తర్వాత ఆవిడ ఎన్ని గుంజలు దింపినా, ఎన్ని తుపానుల్లో జెట్టీని కాచినా, ఆయన నోట ఎప్పుడూ ఆ వంకర మేకే.

తొమ్మిదేళ్లుగా అది వేళాకోళం. ఇవాళ అది వేళాకోళంలా వినిపించలేదు.

ఆ పూట మేస్త్రమ్మ అన్నం కెలికి వదిలేసింది. జెట్టీ పోతే ఇంకో జెట్టీకి పనికి పోవచ్చు అనుకోడానికి ఇంకో జెట్టీ లేదు. అది ఒక దుఃఖం. కానీ అసత్యం అన్న ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంది. జెట్టీని కూల్చేస్తే కట్టెలు పోతాయి. ఆ మాట అలాగే నిలిచిపోతే, నలుగురు వడ్రంగులు రాసిన పుస్తకంలో అబద్ధం రాసిన చెయ్యి తనదే అవుతుంది. అంతకంటే భయంకరమైన అనుమానం ఇంకొకటి: నిజంగానే తన పని పుచ్చిందేమో!

మర్నాడు మధ్యాహ్నం ఆటు దిగింది. సరంగు రెండు ట్రిప్పుల మధ్య చిన్న పడవ తీసి, మాట్లాడకుండా ఆవిణ్ని జెట్టీ కిందకు తీసుకెళ్లాడు. మాట్లాడకుండా అని వేరే చెప్పక్కర్లేదు. రోజుకు పది మాటలకు మించి వాడని మనిషి ఆయన. మిగతావన్నీ లాంచీ కూతే చూసుకునేది.

ఏడో జత దగ్గర మేస్త్రమ్మ కొయ్యసుత్తితో కొట్టింది. ఠంగుమంది. ఇంకో గుంజను కొట్టింది. అదీ ఠంగుమంది. కిందకు వంగి నాచు గీకింది. రాగి బిళ్ల పచ్చగా మొహం చూపించింది. అయిదు మేకులు, నాలుగోది వంకర.

"ఇది పుచ్చడమేంటి! దీన్ని కొడితే నా సుత్తే పుచ్చేలా ఉంది" అంది. ఆ తర్వాత ఇంకోటి తోచింది. "ఏవండీ, తొలిచి చూశాం అన్నారు కదా. చిల్లు ఏది?"

గుంజలు రెండూ పై నుంచి కిందకు తడిమింది. చిల్లు లేదు. ఆరో జతకు లేదు. అయిదుకు, తొమ్మిదికి లేదు.

"వాళ్లు పడవెక్కలేదు" అన్నాడు సరంగు.

"ఏంటీ?"

"సర్వే మూడ్రోజులూ. ఎవరి పడవా ఎక్కలేదు. బూట్లేసుకుని బురదలో దిగారు."

లెక్కపెట్టండి, సరిగ్గా పది. పెళ్లాం కళ్లల్లో నీళ్లు చూసి ఆ రోజు కోటా అంతా ఒక్కసారే వాడేశాడు.

పడవను ఒడ్డు వైపు తోశారు. ఒడ్డు దగ్గర, టికెట్ల గది కింద, ఊరి మురుగు కాలవ వచ్చి జెట్టీ కాళ్ల మీదే పడుతుంది. అక్కడ ఆటు దిగితే నీళ్లుండవు, మోకాలి లోతు బురద. అక్కడున్నాయి చిల్లులు. ఎనిమిది జతలకూ శుభ్రంగా తొలిచి, మళ్లీ చెక్క బిరడాలు బిగించి, పైన ఎర్ర రంగుతో అంకెలు వేశారు. ఒడ్డు నుంచి ఏడో జత మీద ముచ్చటైన అక్షరాలతో ఏడు అని ఉంది.

మేస్త్రమ్మ ఒక్క క్షణం దాన్ని చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పడవ ఊగిపోయి, సరంగు రెండు చేతులా అంచులు పట్టుకోవలసి వచ్చింది.

"నేల వైపు నుంచి లెక్కపెట్టారండీ! నేల వైపు నుంచి!"

ఇందులో అంత నవ్వేముంది అంటారా? జెట్టీ వడ్రంగులు గుంజల్ని ఎప్పుడూ నీళ్ల వైపు నుంచే లెక్కపెడతారు. లాంచీ ముక్కు వచ్చి తగిలేది ఒకటో జత. టికెట్ల గది కిందది అరవయ్యోది. మనిషి వచ్చేది నీళ్లలోంచి కాబట్టి, వచ్చేవాడికి ముందు తగిలేదే ఒకటి. ఈ మాట పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. పొద్దు ఎటు పొడుస్తుందో ఎవరు రాసుకుంటారు? ఇంకో రకంగా లెక్కపెట్టవచ్చని మేస్త్రమ్మకు అసలు ఊహే లేదు. ఆ ఊహ లేకే ఒక రాత్రంతా తన చేతుల్ని తనే అనుమానించింది.

వాళ్లు ఏడు అన్నది నిజానికి యాభై నాలుగో జత. అది పుచ్చిందని ఆవిడకు తెలియదా? నలభై తొమ్మిది నుంచి అరవై దాకా పన్నెండు జతలు మురుగు నీళ్లకు మెడ దగ్గర పుచ్చాయని, కలప పంపమని, ఆరేళ్లుగా అర్జీలు పెడుతోంది. ప్రతి అర్జీ తారీఖూ పుస్తకంలో ఉంది.

షెడ్డుకొచ్చి మావగారి కుడి చెవిలో అంతా చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేల వైపు నుంచా! కుక్కను తోక నుంచి లెక్కపెడతారంట్రా ఎవరన్నా!"

"మరి వంకర మేకు సందులోంచి నీళ్లు దిగాయన్నారు, దాని సంగతేంటి మావయ్యా?"

"ఆఁ?"

"వంకర మేకు!"

ఉక్కుపళ్లాయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. కుడి చెవి ఆ సాయంత్రం పనిచేయడం మానేసింది.

జెట్టీ సంగతి తేల్చే నగర సంఘం చివరి సమావేశం గురువారం. ఆ బుధవారమే, ఆఫీసు మూసేలోపు, మేస్త్రమ్మ పుస్తకం చంకన పెట్టుకుని అధ్యక్షురాలి గదికి వెళ్లింది. పొడుగాటి బల్ల, దాని మీద అద్దం, అద్దం కింద ఎండిపోయిన ఆకొకటి. పక్క కుర్చీలో నోటీసు రాసిన ఇంజనీరు. కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. బూట్ల అంచున ఇంకా బురద ఉంది.

విషయం విని అతను మెడ సవరించుకున్నాడు. "ఏదైనా నేల మీద మొదలవుతుంది కదండీ. ఎక్కడైనా అలాగే లెక్కపెడతాం."

"మీకు నేల మీద మొదలవుతుంది బాబూ. జెట్టీకి నీళ్లలో మొదలవుతుంది. అందుకే దాన్ని జెట్టీ అంటారు, అరుగు అనరు."

అధ్యక్షురాలు నవ్వు ఆపుకోడానికి దగ్గింది. ఇంజనీరు ఎర్రబడ్డాడు, కానీ పట్టు వదల్లేదు. "సరే, లెక్క తప్పే అనుకుందాం. పుచ్చిన పన్నెండు జతలు పుచ్చినవే కదా? వాటి మీంచే కదా జనం నడిచేది?"

అది న్యాయమైన ప్రశ్న. మేస్త్రమ్మకు ఆ ప్రశ్న అడిగినవాడి మీద మొదటిసారి గౌరవం కలిగింది.

"వాటికి వైద్యం ఉంది" అంది. "రేపు మీ సమావేశం జెట్టీ మీద పెట్టండమ్మా. మధ్యాహ్నం రెండింటికి ఆటు. ఏడో జత ఏదో చూపిస్తాను, వైద్యమూ చూపిస్తాను. తేడా వస్తే మొదటి గుంజ నేనే పీకిస్తాను."

అధ్యక్షురాలు పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి చూసింది. "నాకు కలప గురించి ఏమీ తెలియదు. కళ్లతో చూస్తే నమ్ముతాను. రెండు గంటలు టైమిస్తా" అంది.

గురువారం మధ్యాహ్నం జెట్టీ మీద ఇసకేస్తే రాలనంత జనం. చేపలవాళ్లు, లాంచీ ప్రయాణికులు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, పిల్లల్ని వెతకడానికొచ్చి తామూ నిలబడిపోయిన పంతుళ్లు. కింద పడవలో సరంగు, మేస్త్రమ్మ, ఇంజనీరు, అధ్యక్షురాలు, వద్దంటే వినకుండా దిగిన ఉక్కుపళ్లాయన.

"మీరెందుకు మావయ్యా? బోల్తా పడితే?"

"నా పళ్లు రాకుండా పరీక్షేంటమ్మాయ్?"

ఇక్కడ నేనొక చిన్న సవరణ చెప్పాలి. మొదట్లో ముప్ఫై రెండు పళ్లన్నాను కదా. నాలుగు. పైన రెండు, కింద రెండు. అందులోనూ ఎడం వైపువి ఒకదాన్నొకటి చూసుకుని పదేళ్లయింది. పని చేసేవి కుడి వైపు రెండే. ముప్ఫై రెండు అన్నప్పుడు మీరు కూడా అభ్యంతరం చెప్పలేదు కాబట్టి తప్పు ఇద్దరిదీ.

ఆ రెండు పళ్లతో ఆయన చేసేది ఇది. ఒక సన్నటి ఇనపకడ్డీ కొసను గుంజకు ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య కరిచిపట్టేవాడు. ఇంకొకరు గుంజను సుత్తితో కొట్టాలి. చెవులు పోయిన మనిషికి ఆ దెబ్బ పళ్లలోంచి, దవడలోంచి, పుర్రెలోకి వినిపించేది. చెక్క గట్టిదైతే పన్ను జిల్లుమంటుంది. పుచ్చిందైతే నానిన గుడ్డను నమిలినట్టుంటుంది.

ఏడో జత దగ్గర పడవ ఆగింది. మేస్త్రమ్మ కొట్టింది. ఉక్కుపళ్లాయన కళ్లు మూసుకుని కడ్డీ కరిచాడు. పైన జనం అంచు మీంచి కిందకు వంగారు. ఆయన కడ్డీ తీసి, పెదాలు తుడుచుకుని, ఇంజనీరు వైపు తిరిగాడు.

"తొలుచు నాయనా. నీ బరమా బతికి బయటపడితే నా పేరు మార్చుకుంటా."

ఇంజనీరు బరమా పెట్టి తిప్పాడు. అంగుళం దిగింది, కీచుమంది. రెండో అంగుళానికి మొన వేడెక్కి సన్నగా పొగ లేచింది. మూడో అంగుళానికి ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. సరంగు, ఇంజనీరు ఇద్దరూ పడవకు కాళ్లు తన్నిపెట్టి లాగితే ఊడింది. చిల్లులోంచి రాలిన పొట్టు ఎర్రగా, పొడిగా, నిన్న కోసిన చెక్కలా ఘుమఘుమలాడింది. అధ్యక్షురాలు కొంచెం అరచేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఇది తొమ్మిదేళ్ల నాటిదా?"

"గుర్తు కూడా చూడండమ్మా" అంది మేస్త్రమ్మ. నాచు గీకిన చోట రాగి బిళ్ల మెరిసింది. పుస్తకం తెరిచి, తన చేతిరాత మీద వేలు పెట్టింది. "ఏడో జత మార్చాను. బిళ్లకు మేకులు అయిదు. ఒకటి వంకర." ఆ వంకర సంగతి రాయక్కర్లేదని అప్పుడు అనిపించినా, ఉన్నది ఉన్నట్టు రాయాలని రాసింది.

ఇంజనీరు వంగి మేకుల్ని ఒక్కొక్కటే వేలితో తాకాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది. లేచి నిలబడి, పైనున్న జనం అంతా వినేలా అన్నాడు. "పుస్తకంలో రాసింది నిజం. నా నోటీసులో రాసింది తప్పు."

పైన ఒక్కసారిగా కేక లేచింది. నీళ్ల మీది కొంగలు ఎగిరిపోయాయి.

"ఆగండాగండి, సగమే అయింది" అంది మేస్త్రమ్మ. పడవ ఒడ్డుకు తిప్పించి, మావగారినీ అధ్యక్షురాలినీ జెట్టీ మీదికి ఎక్కించింది.

యాభై నాలుగో జత దగ్గర ఆవిడ పొద్దున్నే ఏర్పాట్లు చేసి పెట్టుకుంది. దూలం కింద జాకీలు బిగించి, బరువంతా వాటి మీదికి ఎక్కించింది. పుచ్చింది గుంజ మెడ మాత్రమే. బురదలో దిగిన భాగం ఇంకా ఉక్కే. బురదలో మోకాళ్ల దాకా దిగి, పుచ్చిన మెడను రంపంతో కోసి పారేసింది. కింది మొద్దుకు ఉలితో నోరు తీసింది. పైన పెట్టే కొత్త ముక్కకు నాలుక ముందే చెక్కి ఉంచింది. నాలుక నోట్లోకి దిగింది, సుత్తి దెబ్బలు నాలుగు, అడ్డంగా బోల్టులు మూడు, సందుల్లో వేడి తారు. రెండో గుంజకూ అంతే. అంతసేపూ ఉక్కుపళ్లాయన పైనుంచి తొంగిచూస్తూనే ఉన్నాడు. ఈసారి ఆవిడ చెయ్యి వణకలేదు.

పోటు నీళ్లు మోకాళ్లు తాకుతుండగా ఆవిడ జాకీలు విప్పింది. దూలం కొత్త మెడల మీద కూర్చుని ఒక్కసారి కిర్రుమంది. అంతే.

"ఇప్పుడు సంఘం వాళ్లంతా సరిగ్గా ఈ జత మీదికొచ్చి నిలబడండి" అంది కింద నుంచి.

పదకొండు మంది సభ్యులు. అందులో ముగ్గురు మంచి భారీ మనుషులు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధ్యక్షురాలు చెప్పులు విప్పి ముందు వెళ్లి నిలబడింది. ఆ తర్వాత ఆగితే పరువు పోతుందని మిగతావాళ్లూ నిలబడ్డారు.

"కొంచెం ఎగరండి!"

"మేస్త్రమ్మా, మరీ ఇదెక్కువ!"

"నెల రోజుల్లో కూలుస్తామన్నవాళ్లు, ఒక్క గెంతు గెంతలేరా?"

గెంతారు. నగర సంఘం పదకొండు మందీ కలిసి ఒకే పనిని ఒకేసారి చేయడం అదే మొదటిసారని చూసినవాళ్లు అన్నారు. జెట్టీ చెక్కు చెదరలేదు. గెంతిన చోటే నిలబడి చేతులెత్తారు. కూల్చడం రద్దు. పన్నెండు జతలకూ కలప మంజూరు. మురుగు కాలవను పక్కకు తిప్పాలి. పదకొండుకు పదకొండు.

ఆ మాట పూర్తి కాకముందే లాంచీ కూత మొదలైంది. సరంగు ఎప్పుడు వెళ్లి ఎక్కాడో ఎవరూ చూడలేదు. ఎంతసేపు కూసిందంటే, అది ఆయన ముప్ఫై రెండేళ్ల కాపురంలో పెళ్లానికి చెప్పాల్సిన మాటలన్నీ అయ్యుంటాయి.

కలప వచ్చింది. నలభై రోజుల్లో పదకొండు జతలకు కొత్త మెడలు మొలిచాయి. ఇంజనీరు రోజూ సాయంత్రం వచ్చి బురదలో దిగి బోల్టులు బిగించాడు. ఎర్ర అంకెల్ని తనే గీకి, తెల్ల రంగుతో కొత్తవి వేశాడు. ఒకటి నీళ్ల దగ్గర, అరవై ఒడ్డున. ఒడ్డున ఒక బోర్డు కూడా పెట్టాడు, ఈ జెట్టీని నీళ్ల వైపు నుంచి లెక్కపెట్టవలెను అని. పాతవాళ్లెవరికీ అది రాయాలని తోచలేదు. తప్పు చేసినవాడికే తోచింది.

చివరి జత పూర్తయిన పొద్దున లాంచీ నిండా జనంతో వచ్చి ఒకటో జతకు తగిలింది. జెట్టీ ఒళ్లు విరుచుకుంది, ఏ మూలా మూలగలేదు. మేస్త్రమ్మ చేతులు కట్టుకుని షెడ్డు ముందు నిలబడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నూట ఇరవై కాళ్లు, అన్నీ తన లెక్కలో ఉన్నవే. అప్పుడు ఉక్కుపళ్లాయన కుర్చీలోంచి లేచి, జనం అందరి ముందూ కోడలి భుజం మీద చెయ్యి వేశాడు. "నా నాలుగు మేకుల కన్నా నీ అయిదో మేకే గట్టిదమ్మా" అన్నాడు.

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. ఈ చివరి మాట నేను కల్పించాను. ఆయన అలాంటి మాట అనే మనిషే కాదు. ఆ రోజు ఆయన జనం ముందు అన్నది, "నీ మొగుడు లాంచీ వంకరగా కట్టాడు, చూడు" అని మాత్రమే. మిగతాదంతా జరిగింది జరిగినట్టే, బొగ్గు జెట్టీ మీద వంటలతో సహా.

అయితే అరవయ్యో జతకు బిళ్ల తనే కొడతానని ముందు రోజు పంతం పట్టి, ఎనభై నాలుగేళ్ల వయసులో బురదలో దిగిన మాట కల్పన కాదు. జీవితంలో మొదటిసారి అయిదు మేకులు కొట్టాడు. నాలుగోదాన్ని సుత్తితో పక్కనుంచి తట్టి, పనిగట్టుకుని వంచాడు. నమ్మకపోతే ఆటు బాగా దిగిన రోజు వెళ్లి చూడండి. అరవయ్యో జత. నీళ్ల వైపు నుంచి.